పాటలు అమ్మింది, హక్కులు అమ్మలేదు

అమెరికాలో స్త్రీవాద పత్రికగా పేరున్న 'మిజ్', 1997లో రాబోయే శతాబ్దానికి 21 మంది స్త్రీవాదులంటూ ఒక జాబితా వేసింది. అందులో ఆనీ డిఫ్రాంకో అనే గాయని పేరుంది. అప్పటికి ఆమెకు 27 ఏళ్లు. పాట తనే రాస్తుంది, బాణీ తనే కడుతుంది, గిటార్ వాయిస్తూ తనే పాడుతుంది. ఆ పాటల్ని తన సొంత కంపెనీ మీద తనే విడుదల చేస్తుంది. ఆమెను ఎందుకు ఎంచుకున్నామో చెబుతూ పత్రిక పెద్దపీట వేసింది ఒక డబ్బు లెక్కకు. ఒకే ఆల్బమ్‌ను కోటికి పైగా అమ్మిన 'హూటీ అండ్ ద బ్లోఫిష్' బృందానికి ఒక్కో ప్రతి మీద వచ్చేదానికంటే ఈమెకు ఒక్కో ప్రతి మీద ఎక్కువ వస్తోందట.

ఆ గౌరవానికి ఆనీ సంతోషించలేదు. పత్రికకు బహిరంగ లేఖ రాసింది. పెద్ద కంపెనీల ప్రలోభాలకు లొంగకుండా పదేళ్లు పెనుగులాడిన మనిషిని చివరికి వ్యాపార దక్షురాలిగా గుర్తించడం తనకు వింతగా ఉందన్నది. రేపు తాను చచ్చిపోతే సమాధి మీద కంపెనీ అధిపతి అని చెక్కకండి, పాటలు కట్టిన మనిషి, కథలు చెప్పిన మనిషి అని రాయండి అన్నది ఆ లేఖ సారాంశం.

ఆమె కోపం న్యాయమైనదే. పత్రిక వేసిన లెక్క కూడా తప్పేమీ కాదు. సినిమాల నీడలో లేకుండా, పెద్ద సంగీత కంపెనీ చేతుల్లో పడకుండా పాడి బతకాలనుకునేవాళ్లు మన దగ్గరా పెరుగుతున్నారు. అలాంటి బతుకు లెక్కల్లో ఎలా ఉంటుందో, లెక్కలకు బయట ఎలా ఉంటుందో చూడటానికి ఆనీ కథంత స్పష్టమైనది మరొకటి నాకు కనబడలేదు.

న్యూయార్క్ రాష్ట్రానికి పడమటి కొసన, ఈరీ సరస్సు ఒడ్డున ఉంటుంది బఫెలో నగరం. ఉక్కు కర్మాగారాలు, ధాన్యపు గాదెలు, రైలు మార్గాలతో ఒకప్పుడు కళకళలాడిన ఊరు. 1950లో అక్కడి జనాభా 5 లక్షల 80 వేలు. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాక 1990 నాటికి 3 లక్షల 28 వేలకు పడిపోయింది. ఆనీ 1970 సెప్టెంబర్ 23న ఆ ఊళ్లో పుట్టి, ఊరు ఖాళీ అవుతున్న కాలంలోనే పెరిగింది. ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. తర్వాత ఆమె తీసుకున్న నిర్ణయాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

తొమ్మిదేళ్ల వయసులో చేతికి గిటార్ వచ్చింది. దాంతోపాటే మైకేల్ మెల్‌డ్రమ్ కూడా ఆమె జీవితంలోకి వచ్చాడు. ఆయన ఆ ఊరి జానపద గాయకుడు. పాఠాలు చెప్పి ఊరుకోకుండా, పిల్లను తనతో బార్లకు తీసుకెళ్లి పక్కన నిలబెట్టి బీటిల్స్ పాటలు పాడించాడు. న్యూయార్క్ నగరం నుంచి గాయకులను పిలిపించి బఫెలోలో కచేరీలు పెట్టించేవాడు కూడా. అలా వచ్చినవాళ్లలో కొందరు ఆనీ వాళ్లింట్లోనే బస చేసేవాళ్లు. సొంతంగా పాటలు రాసుకునే గాయకులంటే ఎక్కడో టీవీలో కనబడే తారలు కాదు, పొద్దున్నే మన వంటింట్లో కూర్చుని కాఫీ తాగి తర్వాతి ఊరికి బయల్దేరేవాళ్లు అని ఆ పిల్లకు చిన్నప్పుడే తెలిసిపోయింది. సంగీత విద్యలో ఇంతకంటే విలువైన పాఠం ఉందనుకోను. పాటను వృత్తిగా ఊహించుకోవడానికి పెద్ద స్టూడియోలు, పెద్ద పేర్లు అవసరం లేదని కళ్లారా చూసిన పిల్ల, పెద్దయ్యాక వాటికోసం ఎదురుచూడలేదు.

పద్నాలుగేళ్లకు సొంత పాటలు రాయడం మొదలుపెట్టింది. పదిహేనేళ్లప్పుడు తల్లి కనెక్టికట్‌కు వెళ్లిపోతే, ఆనీ వెళ్లలేదు. చట్ట ప్రకారం తన బాగోగులు తనే చూసుకునే మైనరుగా బఫెలోలోనే ఉండిపోయింది. కళల కోసం ప్రత్యేకంగా నడిచే పాఠశాలలో పదహారేళ్లకు చదువు ముగించింది. అప్పటికే రాత్రుళ్లు బార్లలో పాడి నాలుగు డబ్బులు తెచ్చుకుంటోంది.

ఆమె గిటార్ వాయించే పద్ధతి ఆ బార్లలోనే తయారైంది. తాగి మాట్లాడుకునే జనం మధ్య ఒంటరిగా నిలబడ్డ అమ్మాయి మెల్లగా తీగలు మీటితే ఎవరికీ వినబడదు. వెనక డ్రమ్స్ లేవు, బేస్ లేదు. ఆ పనులన్నీ ఒక్క గిటారే చెయ్యాలి. అందుకని తీగల్ని మీటడమే కాక కొట్టేది, లాగి వదిలేది, చప్పున ఆపి నిశ్శబ్దం సృష్టించేది. మామూలు శ్రుతికి భిన్నంగా తీగల్ని రకరకాలుగా బిగించుకునేది. సహజమైన గోళ్లు ఆ దెబ్బలకు ఆగవు కనుక వేళ్లకు కృత్రిమ గోళ్లు పెట్టుకుని, అవి ఊడకుండా కరెంటు వైర్లకు చుట్టే టేపు చుట్టుకునేది. ఆ టేపు చుట్టిన వేళ్లు తర్వాత ఆమె గుర్తుగా మారాయి. జానపద గాయని అంటే సన్నగా, సౌమ్యంగా పాడుతుందనుకుని వచ్చినవాళ్లకు ఇది పంక్ సంగీతమంత ఉరవడిగా వినిపించేది.

పాటల్లో మాట విషయానికొస్తే, ఆ బలం న్యూయార్క్ నగరంలో దొరికింది. పద్దెనిమిదేళ్లు దాటుతుండగా అక్కడికి వెళ్లి న్యూ స్కూల్‌లో కొన్ని తరగతుల్లో చేరింది. అక్కడ సేకూ సుండియాటా అనే నల్లజాతి కవి ఆమెకు గురువయ్యాడు. కవిత్వాన్ని కాగితం మీద కంటే గొంతులో, లయలో, సభలో చూసే మనిషి ఆయన. గర్భస్రావం, స్త్రీని స్త్రీ ప్రేమించడం, వీధిలో మగవాడి చూపు, ఊళ్లో మూతపడ్డ ఫ్యాక్టరీ లాంటి విషయాల్ని ఆనీ నినాదాలుగా మార్చకుండా, ఒక మనిషి మరో మనిషితో మాట్లాడుతున్నట్టు పాటలో పెట్టగలిగింది. అందులో ఆ గురువు చెయ్యి ఉందని నాకనిపిస్తుంది.

కచేరీ అయ్యాక జనం వచ్చి నీ పాటల క్యాసెట్ ఉందా అని అడిగేవాళ్లు. లేదు. అందుకని 1990లో కేవలం గొంతు, గిటార్‌తో ఒక ఆల్బమ్ రికార్డు చేసి, కొన్ని వందల క్యాసెట్లు వేయించి, కచేరీలకు తిరిగే కారు డిక్కీలో పెట్టుకుని అమ్మింది. క్యాసెట్ మీద ఏదో ఒక కంపెనీ పేరుండాలి కదా అని రైచస్ రికార్డ్స్ అని పెట్టింది. అదే తర్వాత రైచస్ బేబ్ రికార్డ్స్ అయింది. పెద్ద వ్యూహమేదీ లేదు. వినేవాళ్లు ముందు పుట్టారు, కంపెనీ వాళ్ల కోసం పుట్టింది. చాలామంది స్వతంత్ర గాయకుల విషయంలో ఈ వరుస తలకిందులవుతుంది. ముందు కంపెనీ పేరు, లోగో, పోస్టరు తయారవుతాయి, తర్వాత వినేవాళ్ల కోసం వెతుకులాట మొదలవుతుంది.

క్రమంగా పెద్ద కంపెనీల నుంచి పిలుపులు వచ్చాయి. ఆమె ఒప్పుకోలేదు. ఎందుకో తెలియాలంటే అప్పటి ఒప్పందాలు ఎలా ఉండేవో చూడాలి.

పెద్ద కంపెనీ గాయకుడికి ముందుగా అడ్వాన్సు ఇస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చులో భాగం, పర్యటనకు ఇచ్చిన సాయం కూడా ఆ అడ్వాన్సుతో పాటు గాయకుడి ఖాతాలో అప్పుగా రాసుకుంటారు. ఆ అప్పు తీరేది ఎక్కడినుంచి? మొత్తం అమ్మకాల ఆదాయంలోంచి కాదు, గాయకుడి రాయల్టీ వాటాలోంచి మాత్రమే. ఒక మామూలు ఒప్పందాన్ని ఊహించుకుందాం. సీడీ ధర 15 డాలర్లు, రాయల్టీ 12 శాతం. అందులో ప్యాకింగు పేరుతో ధరలో నాలుగో వంతు కొట్టేస్తారు. మిగిలిన 11 డాలర్ల పావు మీద 12 శాతం అంటే ఒక డాలరు 35 సెంట్లు. ఆ 12 శాతంలోంచే రికార్డు నిర్మాతకు 3 శాతం ఇవ్వాలి. చివరికి గాయకుడి ఖాతాకు చేరేది దాదాపు ఒక డాలరు. ఖాతాలో అప్పు రెండున్నర లక్షల డాలర్లుంటే, రెండున్నర లక్షల సీడీలు అమ్ముడయ్యేదాకా గాయకుడి చేతికి ఒక్క డాలరూ రాదు. అప్పటికి కంపెనీ దుకాణాలకు టోకున అమ్మి పాతిక లక్షల డాలర్ల దాకా వసూలు చేసుకుని ఉంటుంది.

ఇది నేను కల్పించిన ఉదాహరణే గానీ, అతిశయోక్తి కాదు. రికార్డింగ్ ఇంజనీరు, గాయకుడు స్టీవ్ ఆల్బినీ 1993లో 'ద బాఫ్లర్' పత్రికలో రాసిన వ్యాసం సంగీతకారుల్లో చాలా ప్రసిద్ధం. నలుగురున్న ఒక బృందం పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకుని రెండున్నర లక్షల ప్రతులు అమ్మితే ఏమవుతుందో ఆయన పద్దు పద్దుగా లెక్కగట్టాడు. కంపెనీకి 7 లక్షల 10 వేల డాలర్లు మిగిలాయి. బృందంలో ఒక్కొక్కరికి మిగిలింది 4,031 డాలర్లు.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. గాయకుడు తన వాటాలోంచి అప్పంతా తీర్చేశాక కూడా ఆ రికార్డింగ్ కంపెనీ సొత్తుగానే ఉండిపోతుంది. మన పల్లె భాషలో చెప్పాలంటే దుక్కి తనది, పెట్టుబడికి చేసిన అప్పు తనది, అప్పు తీర్చిందీ తనే, అయినా పొలం మాత్రం కామందుదే. ఇలా కంపెనీ దగ్గర ఉండిపోయే అసలు ప్రతినే పరిశ్రమలో 'మాస్టర్' అంటారు. దాన్ని ఎక్కడ అమ్మాలి, ఏ ప్రకటనకు ఇవ్వాలి, ఎప్పుడు మార్కెట్లోంచి తీసెయ్యాలి అన్నీ మాస్టరు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల ఇష్టం.

ఆనీ దగ్గర ఈ లెక్క తిరగబడింది. సీడీ వేయించే ఖర్చు తనే పెట్టుకుంది. పంపిణీదారుకు టోకు ధరకు ఇచ్చింది. ఖర్చులు పోగా ఒక్కో ప్రతికి 4 డాలర్ల పైచిలుకు మిగిలిందని అప్పటి పత్రికలు రాశాయి. కచేరీ దగ్గర బల్ల వేసి అమ్మితే ఇంకా ఎక్కువ. అంటే పెద్ద కంపెనీ గాయకుడితో పోలిస్తే నాలుగో వంతు ప్రతులు అమ్మినా అంతే డబ్బు వస్తుంది, పైగా అప్పుండదు, మాస్టరు తన దగ్గరే ఉంటుంది. 'మిజ్' పత్రిక మెచ్చుకున్న లెక్క వెనక ఉన్నది ఇంతే.

కానీ నాలుగో వంతు ప్రతులైనా అమ్మాలి కదా. రేడియోలో పాట రాదు, టీవీలో వీడియో ఉండదు. మరి జనానికి ఎలా చేరింది?

ఇక్కడే ఒంటరి వీరవనిత కథలు తప్పుదారి పట్టిస్తాయి. ఆమె వెనక ఒక తరం ఆడవాళ్లు వేసిన బాట ఉంది. 1973లో వాషింగ్టన్‌లో కొందరు మహిళలు కలిసి ఒలీవియా రికార్డ్స్ పెట్టారు. రికార్డింగు నుంచి అమ్మకం దాకా ఆడవాళ్లే నడిపిన కంపెనీ అది. దాని చుట్టూ, దానిలాంటి ఇతర ప్రయత్నాల చుట్టూ మహిళా పుస్తకాల షాపులు, సంగీతోత్సవాలు, పంపిణీ సంస్థలు పుట్టుకొచ్చాయి. నార్త్ కరోలినాలో లేడీస్లిప్పర్, మిషిగన్‌లో గోల్డెన్‌రాడ్ అలాంటివి. ఆనీ తొలి క్యాసెట్లు, సీడీలు పెద్ద దుకాణాలకు చేరకముందే ఈ దారుల గుండా ఊరూరికీ వెళ్లాయి. విశ్వవిద్యాలయాల విద్యార్థి సంఘాలు, జానపద సంగీతోత్సవాలు ఆమెను పిలిచాయి. ఒక అమ్మాయి క్యాసెట్ కొని, స్నేహితురాలికి కాపీ చేసి ఇస్తే, ఆ స్నేహితురాలు మళ్లీసారి కచేరీకి నలుగురిని వెంటబెట్టుకుని వచ్చేది. దొంగ కాపీ అని ఏడ్చే కంపెనీ లేదు కనుక ఆ కాపీ ప్రచారంగా పనిచేసింది. ఆర్డర్ల కోసం కంపెనీ పెట్టిన టోల్ ఫ్రీ నంబరును ఫోను మీటల మీది అక్షరాలతో చదివితే, ఆమె తన కాళ్ల మీద తాను నిలబడింది అనే అర్థం వచ్చేది.

బఫెలో సంగతి మనసులో పెట్టుకోమన్నాను కదా. కొంచెం డబ్బు రాగానే ఆఫీసును న్యూయార్క్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో పెట్టలేదు. సగం మూతపడ్డ తన ఊరి నడిబొడ్డునే పెట్టింది. మేనేజర్ స్కాట్ ఫిషర్ ఆ ఊరివాడే. అట్టలు అచ్చువేసేవాళ్లు, టీషర్టులు తయారుచేసేవాళ్లు వీలైనంతవరకు ఆ ఊరివాళ్లే. 'మిజ్' పత్రికకు రాసిన లేఖలో ఆమె గర్వంగా చెప్పుకున్నది కూడా ఇదే. పాడుబడ్డ వీధిలో ఒక చిన్న ఆఫీసు తెరిచి, పది పదిహేను మందికి పని ఇవ్వగలిగానని.

1995లో వచ్చిన 'నాట్ ఎ ప్రెటీ గర్ల్', 1996లో వచ్చిన 'డైలేట్' ఆల్బమ్‌లతో ఆమె పేరు దేశమంతా పాకింది. కంపెనీ అధికారి ఊరించే కోట్ల గురించి ఒక పాట, పెద్ద కంపెనీతో సంతకం చేసి ఇంకా చాలదనుకునే స్నేహితుడి గురించి మరో పాట వీటిలో ఉన్నాయి. తన ఆర్థిక నిర్ణయాన్నే పాటగా కట్టుకోగలిగిన గాయకులు అరుదు. 1997లో వచ్చిన రెండు సీడీల కచేరీ ఆల్బమ్ 'లివింగ్ ఇన్ క్లిప్' అమ్మకాలను బట్టి ఇచ్చే గోల్డ్ గుర్తింపు తెచ్చుకుంది. ఆ వేసవిలో బాబ్ డిలన్ పర్యటనలో ఆయనకంటే ముందు వేదికెక్కి పాడింది. 1998లో 'లిటిల్ ప్లాస్టిక్ కాజిల్' విడుదలైన తొలి వారమే బిల్‌బోర్డ్ పట్టికలో 22వ స్థానంలో నిలిచింది.

స్వేచ్ఛ విలువ పట్టికల్లో కంటే వేరే చోట ఎక్కువ కనబడుతుంది. యూటా ఫిలిప్స్ అని ఒక ముసలి జానపద గాయకుడు ఉండేవాడు. కార్మికోద్యమ కార్యకర్త, రైళ్లెక్కి దేశమంతా తిరిగినవాడు, గొప్ప కథకుడు. ఆయన కచేరీల్లో పాటకూ పాటకూ మధ్య చెప్పిన కథల టేపుల్ని తీసుకుని, వాటికింద తన లయలు, వాద్యాలు పరిచి, 1996లో ఆనీ ఒక ఆల్బమ్ చేసింది. ఇరవయ్యేళ్ల శ్రోతలు అరవై దాటిన ముసలాయన చెప్పే సమ్మెల కథలు విన్నారు. ఏ కంపెనీ సమావేశంలోనైనా ఈ ఆలోచన చెప్పి ఉంటే మొదటి నిమిషంలోనే కొట్టేసేవాళ్లు. ఆమె ఎవరినీ అడగక్కర్లేకపోయింది. నా దృష్టిలో ఆమె కంపెనీ పెట్టినందుకు దక్కిన అసలు లాభం ఈ ఆల్బమే.

ఇక పాటకు రెండు హక్కులుంటాయన్న సంగతి. మామూలు శ్రోతలు వీటిని ఒకటే అనుకుంటారు. మొదటిది రచన హక్కు, అంటే మాట, బాణీ మీద ఉండేది. రెండోది రికార్డింగ్ హక్కు, పైన చెప్పిన మాస్టర్. ఆనీ 1995లో రాసి పాడిన '32 ఫ్లేవర్స్' అనే పాటను 1997లో అలానా డేవిస్ అనే గాయని ఎలెక్ట్రా కంపెనీ కోసం మళ్లీ పాడింది. రేడియోల్లో మోగి, తొలి నలభై పాటల్లో చోటు సంపాదించింది. ఆ రికార్డింగ్ ఎలెక్ట్రాది. కానీ పాట ఆనీది. అమెరికా చట్టం ప్రకారం అమ్ముడైన ప్రతి కాపీకీ రచయితకు ఇంత అని ఇవ్వాలి, ఆ రోజుల్లో అది దాదాపు ఏడు సెంట్లు. రేడియోలో మోగినప్పుడు కూడా రచయితకు వాటా వస్తుంది. అంటే తను గుమ్మం తొక్కని పెద్ద కంపెనీ నుంచే ఆమెకు చెక్కులు వచ్చాయి.

రెండు హక్కులూ వేరువేరు చేతుల్లో ఉంటే ఏమవుతుందో ఈ తరానికి గాయని టేలర్ స్విఫ్ట్ ఉదంతం చూపించింది. 2019లో ఆమె తొలి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు ఆమెకు ఇష్టంలేని చేతుల్లోకి వెళ్లాయి. రచన హక్కు తనకున్నది కనుక అవే పాటల్ని మళ్లీ రికార్డు చేయడం మొదలుపెట్టింది. చివరికి 2025లో పాత మాస్టర్లను కొనుక్కుంది. అంతకంటే ముందు తరంలో గాయకుడు ప్రిన్స్ తన మాస్టర్ల కోసం వార్నర్ కంపెనీతో పోరాడి, చెంప మీద బానిస అని రాసుకుని వేదికలెక్కాడు. ఆ ప్రిన్స్ 1999లో ఆనీ ఆల్బమ్‌లో ఒక పాటకు గొంతు కలిపాడు, తన ఆల్బమ్‌లో ఆమెతో గిటార్ వాయింపించుకున్నాడు. ఆయన జీవితమంతా పోరాడి తెచ్చుకోవాలనుకున్నది ఆమె దగ్గర మొదటి రోజునుంచే ఉంది.

మన దేశంలో పాట ప్రధానంగా సినిమాది. మాస్టరు సినిమా నిర్మాత నుంచి సంగీత కంపెనీకి వెళుతుంది. ఒకప్పుడు గీత రచయితలు, సంగీత దర్శకులు తమ రచన హక్కును కూడా ఒకే మొత్తానికి రాసిచ్చేసేవాళ్లు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించాక, సినిమా హాలు ప్రదర్శన మినహా మిగతా వినియోగాల మీద రచయితకు, స్వరకర్తకు రావలసిన రాయల్టీ వాటాను వాళ్లు రాసిచ్చినా చెల్లదు. ఇది పెద్ద విజయం. అయితే మాస్టరు సంగతి ఈ సవరణలో లేదు. హైదరాబాద్‌లో చౌరస్తా బృందం సొంత పాటలతో పేరు తెచ్చుకున్నాక, అందులో పాడిన రామ్ మిరియాల 'డీజే టిల్లు' లాంటి సినిమాల్లోకీ వచ్చాడు. ఆ దారి తప్పేమీ కాదు. అయితే సొంత పాటకు వచ్చే ఆదాయం, సినిమా పాటకు వచ్చే ఆదాయం వేరువేరు కాలువల్లో వస్తాయని సంతకం పెట్టేముందు ప్రతి యువ గాయకుడికీ తెలిసి ఉండాలి. ఒప్పందంలో చూడవలసిన మొదటి వాక్యం డబ్బు గురించినది కాదు. మాస్టరు ఎవరిది, ఎన్నేళ్లకు అన్నది.

ఇప్పటిదాకా చెప్పింది చదివి ఇదంతా లాభమేనని అనుకోకూడదు. ఆనీ పద్ధతికి మూలధనం ఆమె శరీరం. ఏడాదిలో వంద రాత్రులకు పైగా కచేరీలు, దాదాపు ఏటా ఒక ఆల్బమ్. గిటార్‌ను ఆమె కొట్టే తీరుకు చేతుల్లోని కండరాల బంధాలు వాచిపోయాయి. 2005లో నెలల తరబడి ఆగిపోవలసి వచ్చింది. పెద్ద కంపెనీలో ఒక గాయకుడు ఆగితే మరో వందమంది పాడుతుంటారు. ఇక్కడ ఒక మణికట్టు ఆగితే కంపెనీ ఆదాయంలో ముఖ్యభాగం ఆగిపోతుంది, ఆ ఆఫీసులో జీతాలు తీసుకునేవాళ్ల మీద భారం పడుతుంది. స్వతంత్రంగా పాడేవాళ్ల గురించి రాసేటప్పుడు ఈ మాట తరచుగా మరిచిపోతారు. జబ్బు సెలవు లేని ఉద్యోగం అది.

మరో భారం, తప్పు జరిగితే నెట్టడానికి ఎవరూ లేకపోవడం. 2013 డిసెంబర్‌లో పాటల రచన మీద ఒక శిబిరం నడపబోతున్నట్టు ఆమె ప్రకటించింది. దానికి ఎంచుకున్న చోటు లూసియానాలోని నాటొవే, ఒకప్పుడు బానిసల చేత పని చేయించిన తోట బంగళా. నల్లజాతి స్త్రీలనుంచి, ఆమె అభిమానులనుంచే తీవ్రమైన నిరసన వచ్చింది. శిబిరం రద్దు చేస్తూ ఆమె ఇచ్చిన మొదటి వివరణ సమర్థించుకున్నట్టుగా ఉండి మంటను ఇంకా పెంచింది. కొన్ని రోజులకు మళ్లీ రాసి క్షమాపణ చెప్పింది. నైతికమైన మాట చెప్పి శ్రోతల్ని సంపాదించుకున్న గాయనిని ఆ శ్రోతలే నిలదీశారు. నిలదీయడం సరైనదే.

ఇప్పటి గాయకుడికి పరిస్థితి వేరు. రికార్డింగ్ ఇంట్లోనే చేసుకోవచ్చు. ఏడాదికి కొంత రుసుము కడితే పాటను ప్రపంచంలోని వేదికలన్నిటికీ చేర్చే సంస్థలున్నాయి. మాస్టరు నిలుపుకోవడం ఎప్పుడూ లేనంత సులువు. కానీ ఆ మాస్టరు తెచ్చిపెట్టేది బాగా తగ్గింది. స్ట్రీమింగ్‌లో ఒక వినికిడికి స్థిరమైన రేటు లేదు, ఉజ్జాయింపుగా ఒక సెంటులో మూడో వంతు అనుకోవచ్చు. ఆనీకి ఒక సీడీ మీద మిగిలిన 4 డాలర్లు రావాలంటే పాటను పన్నెండు వందల సార్లు వినాలి. పైగా 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి వెయ్యి వినికిళ్లు దాటని పాటకు రికార్డింగ్ రాయల్టీయే లేదు. అంటే ఆమె కారు డిక్కీలో మోసుకెళ్లిన సరుకు విలువ పడిపోయింది. కచేరీకి వచ్చి టిక్కెట్టు కొనే మనిషి విలువ మాత్రం పడిపోలేదు. ఎక్కడో లక్షమంది ఒకసారి విని వదిలేసిన పాటకంటే, ఊరికి వందమంది చొప్పున యాభై ఊళ్లలో మళ్లీ మళ్లీ వచ్చే శ్రోతలున్న గాయకుడి బతుకే ఈనాటికీ గట్టిది. ఈ విషయంలో ఆనీ 1990లో చేసినదానికి ప్రత్యామ్నాయం ఇంకా పుట్టలేదు.

డబ్బుతో ఆమె ఏం చేసిందన్నది కూడా కథలో భాగమే. బఫెలోలో కూల్చివేతకు సిద్ధంగా ఉన్న 19వ శతాబ్దపు ఆస్‌బరీ చర్చిని రైచస్ బేబ్ తీసుకుని బాగుచేయించింది. 2006 ప్రాంతంలో అది బేబ్‌విల్ పేరుతో కచేరీ హాలుగా తెరుచుకుంది. హాల్‌వాల్స్ అనే సమకాలీన కళాకేంద్రం కూడా అందులోనే ఉంది. కంపెనీ ఇతరులకూ చోటిచ్చింది. తన గురువు సేకూ సుండియాటా ఆల్బమ్‌ను 2000లో విడుదల చేసింది. ఆండ్రూ బర్డ్ తొలినాళ్ల ఆల్బమ్‌లు కొన్ని అక్కడినుంచే వచ్చాయి.

అనాయిస్ మిచెల్ అనే యువ గాయని, గ్రీకు పురాణంలోని ఆర్ఫియస్ కథను అమెరికా పేదరికపు రోజుల్లోకి తెచ్చి ఒక పాటల మాల అల్లింది. వెర్మాంట్ రాష్ట్రంలో చిన్న బృందంతో వేసిన నాటకం అది. దాన్ని 2010లో 'హేడిస్‌టౌన్' పేరుతో ఆల్బమ్‌గా తెచ్చింది రైచస్ బేబే. పాతాళ రాణి పెర్సెఫనీ పాత్రకు ఆనీ స్వయంగా గొంతిచ్చింది. ఆ పాటలు పెరిగి పెరిగి బ్రాడ్‌వే నాటకమై 2019లో ఎనిమిది టోనీ అవార్డులు తెచ్చుకున్నాయి. 2024 ఫిబ్రవరిలో, 53 ఏళ్ల వయసులో, ఆనీ తొలిసారి బ్రాడ్‌వే వేదికెక్కి రాత్రి రాత్రికీ అదే పెర్సెఫనీ పాత్ర వేసింది. ఒకరు రాసిన మాటలు, మరొకరి దర్శకత్వం, వారానికి ఎనిమిది ప్రదర్శనలు. ముప్పై నాలుగేళ్లు ప్రధానంగా సొంత పాటలే పాడుకున్న మనిషి, తన కంపెనీ ఒకప్పుడు అచ్చువేసిన పాటల కోసం ఆ పని చేసింది.